మిన్నోడ: ప్రాణమున్న అంతరిక్ష నౌకకి లెక్క కట్టడం

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, గేములు తయారుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రాణమున్న అంతరిక్ష నౌక అంటే వీళ్ళందరికీ ఇష్టమే. కానీ కథలోకి వచ్చేసరికి అది చాలాసార్లు గొంతు ఉన్న ఇనప ఓడగానే మిగిలిపోతుంది. గోడలు మెత్తగా ఉంటాయి, తలుపులు నోళ్ళలా తెరుచుకుంటాయి, మనసు మాత్రం కంప్యూటర్‌దే. అది ఏం తింటుందో, వేడిని ఎక్కడ వదులుతుందో, గాయమైతే ఏం కారుతుందో ఎవరూ రాయరు. నా ఉద్దేశంలో ముందు ఒంటి లెక్క తేలాలి. మనసు ఆ లెక్కలోంచే పుడుతుంది. అందుకని ఇక్కడ ఒక జాతిని మొదటి నుంచీ కడతాను. జాతి కల్పితం. దాని కింద ఉన్న భౌతికశాస్త్రం, జీవశాస్త్రం మాత్రం నిజమైనవే.

జాతి పేరు మిన్నోడ అనుకుందాం. పొడవు 50 మీటర్లు, నడుమ దగ్గర వ్యాసం 8 మీటర్లు, రెండు కొసలూ సన్నం. కండ బరువు 1000 టన్నులు. చర్మం విస్తీర్ణం దాదాపు 1000 చదరపు మీటర్లు. లోపల మనుషులకీ సరుకుకీ 650 ఘనపు మీటర్ల ఖాళీ. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి, మిగతావన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి ప్రశ్న తిండి. జంతువు బరువుకీ అది ఖర్చు పెట్టే శక్తికీ ఉన్న సంబంధాన్ని మాక్స్ క్లైబర్ 1932లో చూపించాడు. బరువును కిలోల్లో తీసుకుని 0.75 ఘాతానికి హెచ్చించి 3.4తో గుణిస్తే, వేడి రక్తపు జంతువు విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే వాట్లు వస్తాయి. 1000 టన్నులకి అది 107 కిలోవాట్లు. బల్లులు, పాముల్లాంటి చల్లని రక్తపు ప్రాణులకి ఇందులో సుమారు పదో వంతు చాలు, అంటే 11 కిలోవాట్ల లోపు. ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. మిన్నోడను వేడి రక్తపు ప్రాణి చేస్తే అది ఆకలితో చస్తుంది. ఎందుకో చూడండి.

భూమి దూరంలో సూర్యుడి వెలుగు చదరపు మీటరుకు 1361 వాట్లు. గ్రహశకలాల పట్టీ నడిమధ్యన, అంటే భూమి దూరానికి 2.7 రెట్ల దగ్గర, అది 187 వాట్లకు పడిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ ఆ వెలుగులో తిండిగా మార్చేది చాలా తక్కువ. మన పొలాల్లో పంటలకి ఒకటి రెండు శాతం వస్తే గొప్ప. మిన్నోడకి ఉదారంగా 3 శాతం ఇద్దాం. అంటే పట్టీలో చదరపు మీటరుకు ఐదున్నర వాట్ల తిండి. వేడి రక్తానికి 19,000 చదరపు మీటర్ల ఆకు కావాలి, చల్లని రక్తానికి 1900 చాలు. రెండోదైతే ఒంటికి రెండింతల రెక్కతో సరిపోతుంది, బొమ్మలో కూడా నమ్మేలా ఉంటుంది.

అయితే రెక్కని ఆకులా గీయకండి. ఈ పొరపాటు చాలా బొమ్మల్లో కనిపిస్తుంది. పలచని ఆకు ఒక వైపు నుంచి వెలుగు తీసుకుని రెండు వైపుల నుంచీ వేడిని వదులుతుంది. గ్రహశకలాల పట్టీలో దాని ఉష్ణోగ్రత మైనస్ 70 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. నీరు గడ్డకట్టాక కిరణజన్య సంయోగక్రియ ఎక్కడిది? అదే ఆకు భూమి దూరానికి వస్తే 58 డిగ్రీలకి చేరి వాడిపోతుంది. కాబట్టి రెక్క అద్దం కావాలి, ఆకు ఒంటి లోపల ఉండాలి. రెక్కలు వెలుగును పోగుచేసి వీపు మీద ఉన్న కిటికీల్లోకి పంపుతాయి, లోపలి ఆకుపచ్చ గదుల్లో నాచు దాన్ని తింటుంది. కిటికీకి గాజు ఎక్కడిదంటే, లోతు సముద్రపు గాజు స్పంజికలు చల్లని నీళ్ళలోనే సిలికా పోగులు అల్లుకుంటాయి. ఆ పోగులు ఆప్టికల్ ఫైబర్ లాగే వెలుగును మోస్తాయి కూడా. మిన్నోడకి అవే ఇవ్వండి. వెలుగు నాచు దాకా పోగుల మీద పోతుంది, కిటికీ చిన్నదైనా సరిపోతుంది.

అద్దానికి మెరుపు చేపల దగ్గర దొరుకుతుంది. చేప పొలుసుల వెండి రంగు గ్వానీన్ స్ఫటికాల వల్ల వస్తుంది. సాలెపురుగులు ఇదే గ్వానీన్‌ను నత్రజని వ్యర్థంగా ఒంట్లో దాచుకుంటాయి, కొన్నిటి పొట్ట మీద తెల్ల మచ్చలు అవే. అంటే మిన్నోడ తన వ్యర్థంతోనే అద్దం పూసుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. 1900 చదరపు మీటర్ల అద్దం పట్టీలో పోగుచేసేది దాదాపు 355 కిలోవాట్లు. అందులో తిండి అయ్యేది 11 కూడా కాదు. మిగతాదంతా వేడి. తిన్న తిండి కూడా చివరికి వేడే. అంతరిక్షంలో గాలి లేదు, నీళ్ళు లేవు, వేడి పోయే దారి వికిరణం ఒక్కటే. 1000 చదరపు మీటర్ల చర్మం నుంచి 355 కిలోవాట్లు పోవాలంటే చర్మం 16 డిగ్రీల దగ్గర ఉండాలి. బెంగళూరు డిసెంబరు తెల్లవారుజాము అనుకోండి. అద్దంలో పోయే నష్టాలు పక్కన పెట్టి, పూర్తిగా నల్లని వస్తువు వదిలే వేడిలో 90 శాతం చర్మం వదులుతుందనుకుంటే లెక్క ఇదే. నాచుకి కావలసిన వెలుగూ, ఒంటికి కావలసిన వెచ్చదనమూ ఒకే రెక్క విస్తీర్ణంతో తీరిపోతున్నాయి. కల్పిత జీవిలో ఇలాంటి కలయిక దొరికినప్పుడు దాన్ని వదలకూడదు.

దీని నుంచి ప్రవర్తన వస్తుంది. భూమి దూరానికి వచ్చినప్పుడు అంతే వేడికి 260 చదరపు మీటర్ల అద్దం చాలు. అంటే ఏడింట ఆరు వంతుల రెక్క ముడుచుకోవాలి. మూతిని సూర్యుడి వైపు తిప్పి నిలబడాలి కూడా, ఎందుకంటే పక్కకి తిరిగితే ఒళ్ళు అడ్డుపడే వైశాల్యం 314 చదరపు మీటర్లు, మూతి తిప్పితే 50 మాత్రమే. మీ కథలో మిన్నోడ భూమి దగ్గర రెక్కలు బార్లా చాపి కనిపిస్తే, అది జ్వరంతో ఉన్నట్టు లెక్క.

మరి రెక్కలు ముడిచినప్పుడు చలి? తిమింగలం లాగా కొవ్వు పెడదామనిపిస్తుంది. పని చేయదు. పట్టీలో ఒంటి సొంత వేడి చదరపు మీటరుకు 11 వాట్లే. ఆ కాస్త వేడితో లోపల 27 డిగ్రీలు నిలవాలంటే కొవ్వు మందం మూడు మీటర్ల దాకా కావాలి. ఒళ్ళే నాలుగు మీటర్ల వ్యాసార్థం, ఇక కండకి చోటేది? ఉపగ్రహాలు దీనికి వేరే దారి పట్టాయి. ఇస్రో ఉపగ్రహాల ఫొటోల్లో కనిపించే బంగారు రంగు దుప్పట్లు పలచని పొరల దొంతర. పొరల మధ్య శూన్యం ఉంటుంది కాబట్టి వేడి ఒక పొర నుంచి ఇంకో పొరకి వికిరణంగానే దూకాలి. పొరలు నల్లగా ఉన్నా సరే, 20 పొరలు ఉంటే వేడి నష్టం ఇరవై ఒకటో వంతుకి పడిపోతుంది.

ఆ పొర పట్టుదైతే బావుంటుంది, పైగా పట్టు మనకి దగ్గరే. వీలైతే ఒక ఉదయం రామనగర పట్టుగూళ్ళ మార్కెట్‌కి వెళ్ళి ఒక గూడు చేతిలోకి తీసుకుని చూడండి. పైన దూదిలాంటి వదులు పోగు. దాని కింద గట్టి పెంకు. పెంకుని గోటితో చీలిస్తే పొరలు పొరలుగా వస్తుంది. ఆ పొరల్ని పట్టి ఉంచే జిగురు సెరిసిన్, వేడి నీళ్ళలో వేస్తే వదులవుతుంది, అప్పుడే పోగు లాగగలరు. ఒక్క గూటిలో దాదాపు కిలోమీటరు పోగు ఉంటుంది. మిన్నోడ చర్మం మీద ఇలాంటి పొరలే పొలుసులుగా ఉంటాయి, తేడా ఏమిటంటే పొరల మధ్య జిగురు ఉండదు. పొరలు ఒకదానికొకటి తగిలితే ఆ చోట వేడి కారిపోతుంది, గాయం లేకుండానే చర్మం మీద మంచు మచ్చ పడుతుంది. మిన్నోడల్లో చలి జబ్బు ఇలాగే మొదలవ్వాలి.

పొలుసులు తెరిచి ఉంటే, రెక్కలు ముడిచిన మిన్నోడ రోజుకి దాదాపు 9 డిగ్రీలు చల్లబడుతుంది. మూసుకుంటే సొంత వేడి కలుపుకుని వారానికి ఒక డిగ్రీ. కథకి ఈ రెండు అంకెలు చాలా పనికొస్తాయి. పొలుసులు తెరుచుకుని ఇరుక్కుపోతే మీ పాత్రలకి ఉన్న గడువు రెండు మూడు రోజులే.

ఇక రాయి తినడం. 2023 సెప్టెంబరులో నాసా నౌక ఒసైరిస్-రెక్స్ బెన్ను గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో నాలుగున్నర శాతం పైగా కార్బన్, 0.2 శాతం పైచిలుకు నత్రజని, అమైనో ఆమ్లాలు, ఫాస్ఫేట్లు దొరికాయి. మిన్నోడకి ఇది విస్తట్లో వడ్డించిన భోజనమే. అరిగించుకునే పద్ధతి నంది కొండ బండల మీద చూడొచ్చు. రాళ్ళకి అంటుకున్న బూడిద, పసుపు మచ్చలు లైకెన్లు. మన మసాలాల్లో వేసే రాతిపువ్వు కూడా ఈ కుటుంబమే. చాలా లైకెన్లు ఆక్సాలిక్ ఆమ్లం ఊరించి రాతిలోంచి ఖనిజాలు లాగుతాయి. 2005లో రెండు రకాల లైకెన్లని అంతరిక్షంలో రెండు వారాలు ఆరుబయట ఉంచితే బతికి వచ్చాయి కూడా. అయితే అవి బతికింది ఎండిపోయి, అన్ని పనులూ ఆపేసి. 2007లో నీటి ఎలుగులు (టార్డిగ్రేడ్లు అనే అతి చిన్న ప్రాణులు) చేసిందీ అదే. శూన్యంలో బతకడం వేరు, శూన్యంలో పని చేయడం వేరు. అందుకే మిన్నోడలో పని చేసే కండ అంతా తడిగా, ఒత్తిడి కింద, లోపలే ఉంటుంది. బయటికి తగిలేవన్నీ పట్టు, సిలికా, సున్నం లాంటి ప్రాణం లేని పదార్థాలే.

నత్రజనే దీనికి కరువు. కండలో సుమారు 3 శాతం నత్రజని ఉంటుంది, అంటే 1000 టన్నుల ఒంటిలో 30 టన్నులు. బెన్ను లాంటి రాయిలోంచి అంత రావాలంటే, ఒక్క రవ్వ పోకుండా లాగినా 13,000 టన్నుల పైన నమలాలి. పట్టు, గ్వానీన్ రెండూ నత్రజని మింగేవే. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకి పట్టు పసుపెక్కి పెళుసవుతుంది కాబట్టి రెక్కలు మార్చుకుంటూ ఉండాలి. అందుకని మిన్నోడ పాత రెక్కను పారేయదు, తినేస్తుంది. గూడు అల్లే సాలెపురుగులు చాలా రకాలు పాత గూటిని ఇలాగే తింటాయి.

మనుషుల్ని ఎందుకు ఎక్కించుకుంటుందనే ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. కథల్లో దీనికి స్నేహం అనో కుతూహలం అనో చెప్పి దాటేస్తారు. నత్రజని అని చెప్పండి. మనిషి మూత్రంలో రోజుకి పది పన్నెండు గ్రాముల నత్రజని పోతుంది. అయితే వాళ్ళు తినేది ఓడలో పండినదే అయితే లాభం సున్నా, తిరిగిన చక్రమే తిరుగుతుంది. బయటి నుంచి తెచ్చిన తిండి కావాలి. ఏడు మైక్రాన్ల మందంలో 1900 చదరపు మీటర్ల రెక్కకి పట్టు బరువు 19 కిలోల లోపే, అందులో నత్రజని 18 శాతం, అంటే మూడున్నర కిలోల లోపు. ఒక క్వింటా కందిపప్పులో ఉండే నత్రజని కూడా సుమారు మూడున్నర కిలోలే. ప్రయాణానికి టికెట్ ధర కందిపప్పులో పెట్టొచ్చు, లెక్క నిలబడుతుంది. బదులుగా మిన్నోడ ఇచ్చేది గాలి. మనిషికి రోజుకి 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. రష్యాలోని క్రాస్నోయార్స్క్‌లో బయోస్-3 అనే మూసిన ప్రయోగ గదుల్లో మనిషికి 8 చదరపు మీటర్ల క్లోరెల్లా నాచుతో ఆ పని జరిగింది. మిన్నోడకి అదొక లెక్కే కాదు.

ఆ మూత్రానికి ఇంకో పని కూడా ఉంది. 2020లో మన ఐఐఎస్‌సీ, ఇస్రో వాళ్ళు కలిసి చంద్రుడి మట్టిని పోలిన మట్టితో ఇటుకలు చేశారు. స్పోరోసార్సినా పాశ్చరీ అనే బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి కాల్షియం కార్బొనేట్ పేరుస్తుంది, దానికి గోరుచిక్కుడు గింజల బంక తోడైతే మట్టి గట్టిపడుతుంది. మిన్నోడ పై పెంకుకి పడిన గుంటలు పూడ్చే పద్ధతి సరిగ్గా ఇదే కావచ్చు. రాతిపొడి, యూరియా, బంక, బ్యాక్టీరియా, సున్నం. పనివాడి పాత్ర ఒకటి పెట్టి, ఈ ముద్ద కలపడం అతని చేత చేయించండి.

గాయం గురించి ఒక మాట. ఉల్క రవ్వ తగిలి చదరపు సెంటీమీటరు రంధ్రం పడితే గాలి సెకనుకు 24 గ్రాములు పోతుంది. 650 ఘనపు మీటర్లలో ఉన్నది 780 కిలోలు. సగం పోవడానికి ఆరు గంటల పైనే పడుతుంది. కాబట్టి జనం ఎగిరి శూన్యంలోకి కొట్టుకుపోయే దృశ్యం వద్దు. అసలు నష్టం దెబ్బ వేగం వల్ల. సెకనుకు 20 కిలోమీటర్లతో వచ్చే రవ్వ కండలో బాంబులా పేలుతుంది. ఫ్రెడ్ విపుల్ 1947లో చెప్పిన ఉపాయం దీనికి మందు. ముందు ఒక పలచని పొర, మధ్యలో ఖాళీ, వెనక అసలు గోడ. రవ్వ మొదటి పొర దగ్గరే పొడై, ఖాళీలో వెడల్పుగా చిమ్ముకుని, గోడ మీద పలచగా పడుతుంది. చెట్టు బెరడు లాగా ఊడే పై పెంకు, దాని కింద పట్టు పొరలు ఉన్న మిన్నోడకి ఈ కవచం వద్దన్నా ఉంటుంది. లోపలి రంధ్రాన్ని రబ్బరు పాల లాంటి స్రావం మూసేస్తుంది.

తలుపులు ఇంతకంటే కష్టం. ఒక మీటరు వెడల్పు ద్వారాన్ని కండర వలయంతో ఒక వాతావరణ పీడనానికి ఎదురు మూసి ఉంచాలంటే, ఆ కండరం 17 సెంటీమీటర్ల మందంతో పూర్తి బలంతో నిరంతరం బిగించి ఉండాలి. మామూలు కండరం నిమిషాల్లో అలిసిపోతుంది. ఆలిచిప్పల దగ్గర ఉన్న కండరం వేరు, ఒకసారి బిగిశాక దాదాపు ఖర్చు లేకుండా గంటల తరబడి అలాగే ఉంటుంది. అదే వాడండి, ఒకదాని వెనక ఒకటి మూడు వలయాలు. అలాంటి కండరం వదలడం కూడా నెమ్మదే. తలుపు తెరువు అనగానే తెరుచుకోదు.

కదలిక దగ్గర చాలామంది మోసపోతారు. పట్టీలో 1900 చదరపు మీటర్ల రెక్క మీద వెలుగు ఒత్తిడి రెండున్నర మిల్లీన్యూటన్ల లోపు. 1000 టన్నుల ఒంటికి అది ఏమీ కాదు. ఒళ్ళు తిప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ నౌక తన తెరచాప అంచుల్లో లిక్విడ్ క్రిస్టల్ పలకల మెరుపు మార్చి దిశ తిప్పుకుంది. ఆక్టోపస్ చర్మంలో రంగు మార్చే కణాలు మిన్నోడ రెక్క అంచుల్లో, సిలికా తొడుగు లోపల ఉండి, అదే పని చేస్తాయి. ముందుకు పోవడానికి మాత్రం బాంబార్డియర్ పురుగు దగ్గరికి వెళ్ళాలి. అది హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోక్వినోన్‌లను ఒక సంచిలో దాచి, గట్టి గోడల గదిలోకి వదిలి, ఎంజైములతో మండించి, మరిగే ద్రవాన్ని చిమ్ముతుంది. సోయుజ్ వ్యోమనౌక కిందికి దిగే భాగంలో ఉన్న చిన్న ఇంజన్లు నడిచేది కూడా పెరాక్సైడ్‌తోనే.

గాఢమైన పెరాక్సైడ్‌తో వెలువడే వేగం సెకనుకు 1.6 కిలోమీటర్లు అనుకుందాం. మిన్నోడ తన ఆదాయంలో ఒక కిలోవాటు దీనికి కేటాయిస్తే, కిలో పెరాక్సైడ్‌లో 2.9 మెగాజౌళ్ళు, తయారీలో 30 శాతమే మిగులుతుందనుకుంటే, రోజుకి 9 కిలోల లోపు. 100 టన్నులు పోగవ్వడానికి 30 ఏళ్ళు. అదంతా కాల్చితే వచ్చే వేగం మార్పు సెకనుకు 170 మీటర్ల లోపు. మెత్తని ఒళ్ళు కాబట్టి భూమి గురుత్వంలో వందో వంతుకి మించి తోయలేదు, ఆ లెక్కన 30 ఏళ్ళ కూడిక అరగంటలో అయిపోతుంది. ఆ అరగంటకి ముందు రెక్కలు పూర్తిగా ముడవాలి, లేకపోతే పట్టు చిరుగుతుంది. పెరాక్సైడ్ సంచిని సున్నా డిగ్రీల పైకి వెచ్చబెట్టాలి. సంచి గోడకి రక్తనాళం తగలకూడదు, ఎందుకంటే ఇనుమైనా రాగి అయినా పెరాక్సైడ్‌ను అక్కడికక్కడే విడగొడుతుంది. ముసలి మిన్నోడలు ఎక్కువగా చచ్చేది సంచి గోడ పలచబడి అనుకోవచ్చు.

పుట్టుక సంగతి క్లుప్తంగా. భూమి లాంటి గ్రహం మీద పుడితే అది పైకి రాలేదు. శని చందమామ ఎన్‌సెలాడస్ లాంటి చోట పుట్టాలి. దాని దక్షిణ ధ్రువం దగ్గర సముద్రపు నీరు అంతరిక్షంలోకి చిమ్ముతోందని కాసిని నౌక 2005లో చూసింది, ఆ రేణువుల్లో ఫాస్ఫేట్లు ఉన్నట్టు 2023లో తేలింది. గుడ్డు నీటితో పాటు బయటపడుతుంది. పిల్ల బరువు తక్కువ కాబట్టి దానికి తెరచాప పని చేస్తుంది, పెద్దయ్యాక చేయదు. పిల్లలు తిరుగుతాయి, పెద్దవి నిలుస్తాయి.

ఇప్పుడు మనసు. ఆక్టోపస్‌కి 50 కోట్ల నాడీకణాలుంటే మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. మిన్నోడకీ అంతే, ఐదేసి మీటర్లకి ఒక కణుపు, కణుపుకో మెదడు. కొవ్వు తొడుగున్న నాడిలో సంకేతం సెకనుకు 100 మీటర్లు పోతుంది, తొడుగు లేని దానిలో ఒక మీటరు. ఒళ్ళంతా తొడుగు వేయడం ఖరీదు కాబట్టి మూతి నుంచి తోక దాకా అలాంటి నాడులు కొన్నే, వాటి మీద నొప్పి, ప్రమాదం లాంటి కబుర్లే నడుస్తాయి. అర సెకనులో చేరతాయి. ఆలోచన మాత్రం సన్న నాడుల మీద, ఒక కొస నుంచి ఇంకో కొసకి 50 సెకన్లు. పది కణుపులు ఒక మాట మీదికి రావాలంటే కబురు చాలాసార్లు అటూ ఇటూ తిరగాలి.

అందుకే సంభాషణ రెండు అంచెల్లో రాయండి. లోపల కూర్చున్న మనిషి ఏదైనా అడిగితే, ఆ గది ఉన్న కణుపు వెంటనే పలుకుతుంది. దాని మాట చిన్నది, స్థానికమైనది: చలిగా ఉందా, గాలి పెంచనా, ఎవరికి దెబ్బ తగిలింది. దారి మార్చమని అడిగితే మాత్రం ఆ కణుపు "అడుగుతాను" అని ఊరుకోవాలి. పూర్తి జవాబు పావుగంటకి రావచ్చు, అది వేరే గొంతులో వస్తుంది. ఒక్కో కణుపు తన సంచిలో ఎంత పెరాక్సైడ్ ఉందో, తన పొలుసులు ఎలా ఉన్నాయో చెప్పాకే ఆ జవాబు తయారవుతుంది. లోపల ఒక మనిషికి గుండెపోటు వచ్చి, దారి మార్చితే పదేళ్ళ పెరాక్సైడ్ ఖర్చవుతుందంటే, మిన్నోడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆ పావుగంట మీ పాత్రలు ఏం చేస్తారో రాయండి. మనిషి పక్కనే ఉన్న కణుపు ఒప్పుకుని, తోక దగ్గరిది వద్దంటే, మనిషి పక్కనున్న కణుపు చివరికి ఏ వైపు ఉంటుందో కూడా రాయండి.